తలుపవతలి అబిగేలు

బతు బస్తీ

ప్రియమైన బెన్‌హర్ గారికి,

వందనాలు. మీ క్యాంప్‌బెల్ బేలో ఫోను టవరు ఇంకా బాగవలేదట. అందుకే మీ దీవికి ఓడెక్కుతున్న వాసుదేవ్ భయ్యా చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

అత్తయ్య బాత్రూంలో జారిపడ్డారు, తలకి దెబ్బ తగిలింది. ఆస్పత్రి నుంచి తెచ్చేశాం. గాయం మానింది గానీ మనిషి మారిపోయారు. జావ తీసుకెళ్తే నా ముఖంలోకి అలాగే చూసి, "అచ్చం మా కోడలిలాగే ఉన్నావు. ఎవరు నువ్వు?" అన్నారు. వేళాకోళం అనుకుని నవ్వాను. గిన్నె నా మీదికి విసిరారు. పక్కింటి కళ్యాణి దీదీని బాగానే గుర్తుపడుతున్నారు. నన్నే కాదంటున్నారు. చేపలు కోసే కత్తి కనిపించడం లేదండీ. గది గడియ పెట్టుకుని పడుకుంటున్నాను. త్వరగా రండి.

మీ అబిగేలు

క్యాంప్‌బెల్ బే

ప్రియమైన అబిగేలూ,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. అయినా మా అమ్మ కత్తి దాచే మనిషా? నువ్వు పుట్టింటి నుంచి ఆలస్యంగా వచ్చావని అలిగింది కదా, ఇంకా ఆ కోపమే అయ్యుంటుంది. కాస్త ఓపిక పట్టి, ఎదురుగా కూర్చుని బతిమాలు. స్కూల్లో పరీక్షలు కాగానే సెలవిస్తామన్నారు. ఓడ టికెట్టు దొరికితే వచ్చేస్తాను. నాకూ భయంగానే ఉంది. ఎవరి గురించి భయమో తేల్చుకోలేకపోతున్నాను.

నీ బెన్‌హర్

బతు బస్తీ

ప్రియమైన మీకు,

మీరు చెప్పినట్టే ఎదురుగా కూర్చుని బతిమాలాను. అత్తయ్య దిండు కింద నుంచి కత్తి తీశారు. "మా అబిగేలుని ఏం చేశావే?" అంటూ మీదికొచ్చారు. బయటికి పరుగెత్తాను. ఆవిడ లోపల గడియ పెట్టుకున్నారు. గుమ్మంలోనే కూర్చుని, "అత్తయ్యా, నేనండీ, తలుపు తీయండి" అని ఏడ్చాను.

లోపల కత్తి కింద పడిన చప్పుడైంది. తలుపు సందులోంచి గుసగుసగా, "అబిగేలూ! వచ్చావా తల్లీ? ఎక్కడికి పోయావు? నీ చీర కట్టుకుని ఎవత్తో ఇంట్లో తిరుగుతోంది. లోపలికి రాకు, నిన్నూ ఏమైనా చేస్తుంది" అన్నారు.

ఇన్నాళ్ళూ ఆవిడ నాకోసమే భయపడుతున్నారండీ.

దెబ్బ వల్ల నా ముఖం చూస్తే నేనేనని ఆవిడ మనసు నమ్మడం లేదట, ముఖం కనబడకుండా గొంతు వింటే మాత్రం నమ్ముతోందట. తగ్గుతుందో లేదో చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఇప్పుడు వంటింట్లోంచే మాట్లాడుతూ గదిలోకి వెళ్తున్నాను. ఒక్కోసారి చేయి పట్టుకోనిస్తారు. ఒక్కోసారి అరుస్తారు. కత్తి కళ్యాణి దీదీకి ఇచ్చేశాను గానీ, నా భయం పూర్తిగా పోలేదు.

మీ ముఖం ఆవిడకి ఎలా కనిపిస్తుందో తెలీదు. అందుకని నేరుగా లోపలికి రాకండి. గేటు దగ్గరే ఆగి "అమ్మా" అని పిలవండి. ఆవిడ పలికాకే గుమ్మం ఎక్కండి.

మీ అబిగేలు