అందరూ బీల వైపు తిరగండి

మార్చి 4

పాండు బావకి,

ఎల్లాజీ రాసేది. అందరం వేళకి తిని తిరుగుతున్నాం. నీ చెల్లెలు ముసలమ్మకి నన్ను తిట్టే ఓపిక ఇంకా ఉంది కాబట్టి ఆమె ఆరోగ్యం గురించి వేరే రాయక్కర్లేదు. ఈ సంగతి ఫోనులో చెప్పేది కాదు. నీ చెవులకి ఫోను దండగ. నేను అరిచి చెబితే నీకు తప్ప ఊరందరికీ వినబడుతుంది. ఊరందరికీ వినబడకూడదనే రాస్తున్నాను. రాత్రిబడిలో నేర్చిన నాలుగు ముక్కలు ఇవాళ పనికొచ్చాయి.

మా చిన్నది భాను ఎనిమిదేళ్లు పలాసలో జీడిగింజలు కొట్టింది. ఆ గింజల నూనె తగిలి దాని వేళ్లు ఎలా తయారయ్యాయో నీకు తెలుసు. పోయినేడు పెళ్లిలో అది నీకు అన్నం వడ్డిస్తుంటే చేతులు చూసి నువ్వే తల పక్కకి తిప్పుకున్నావు. ఇప్పుడు ఫ్యాక్టరీ మానేసి ఆడవాళ్ల సంఘం తరఫున ఎనిమిది బ్యాటరీ సైకిళ్లు తెచ్చింది. విశాఖపట్నం నుంచి సూర్యప్రకాష్ అనే ఏజెంటు మనుషుల్ని పంపుతాడట. వాళ్లని పొద్దున్న కవిటిలో సైకిలెక్కించి, కొబ్బరి తోటల్లోంచి, జీడితోటల్లోంచి తీసుకొచ్చి, బీల నీళ్ల గట్టు మీద నా తాటిచెట్ల కింద ఆపి తీపి కల్లు తాగించి, సముద్రం చూపించి, పొద్దుగుంకేలోపు వెనక్కి చేర్చాలి. తొక్కకుండా పోయే సైకిలు మీద కూర్చుని చెట్లు చూడడానికి అంత దూరం నుంచి వచ్చే మనుషులున్నారంటే నేను మొదట నమ్మలేదు. ఉన్నారట. మొదటి జట్టు ఈ శనివారం వస్తుంది. అది బాగా జరిగితే ఏజెంటు వారం వారం పంపుతాడు. జరగకపోతే సైకిళ్లు సంఘానికి, భాను మళ్లీ ఫ్యాక్టరీకి.

ఇంతవరకు బాగానే ఉంది. నిన్న అన్నాల దగ్గర ఏమందో విను.

"నాన్నా, ఆళ్ల ముందర నువ్వు సెట్టెక్కాల. ఎక్కి కుండ దింపాల. ఆ ఏజెంటు అడిగింది అదే."

"నానేటి కోతినేటే, వొచ్చినోల్లకల్లా సెట్టెక్కి సూపించడానికి?"

"ఏబయ్యేళ్లు ఎక్కినోడివి. ఇంకొక్కసారి ఎక్కితే ఏటి అరిగిపోతావు?"

"ఎక్కను."

నీ చెల్లెలు కలగజేసుకుంది. "మీ నాన్న సెట్ల కన్నా మీ నాన్న పొగరు ఎత్తు. నువ్వు అడక్కే, గుంటా."

భాను కంచం వదిలేసి లేచిపోయింది. పొగరని అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను. బావా, అది పొగరు కాదు. నా కుడి మోకాలు పోయింది. కాలు బాగోలేదనగానే, ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మన వైపు అందరికీ కిడ్నీయే గుర్తొస్తుంది. అది కాదు. నీ దగ్గరికి హరిశ్చంద్రపురం వస్తున్నానని ఇంట్లో చెప్పి పోయిన నెల ఒంటరిగా పలాస వెళ్లి రక్తం చూపించుకున్నాను. కిడ్నీలు బాగున్నాయి, మోకాలు అరిగిపోయింది, ఇంక చెట్టు మాట తలపెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఈ ఏడు నేను ఒక్క చెట్టూ ఎక్కలేదు. తెల్లారి లేచి, నడుముకి తాడు చుట్టుకుని, తోటలోకి వెళ్లి, చెట్టు మొదట్లో కూర్చుని వచ్చేస్తున్నాను. ఇంట్లో అడిగితే ఈ ఏడు చెట్లు పట్టలేదు, కల్లు రాలడం లేదు అంటున్నాను. చెట్ల మీద అబద్ధం ఆడుతున్నాను బావా. అవి తిరిగి చెప్పలేవు కదా.

శనివారానికి ఒక ఉపాయం ఆలోచించాను. గీతగాడు చెట్టెక్కేటప్పుడు పరాయి కళ్లు పడకూడదు, పడితే గెల ఎండిపోతుంది, ఇది మా తాతల నాటి ఆచారం అని చెబుతాను. మన తాతలు అలాంటిదేమీ అనలేదు. వాళ్లు చూసేవాళ్లుంటే ఇంకా హుషారుగా ఎక్కేవారు. కానీ పట్నం వాళ్లు ఆచారం అంటే మారు మాట్లాడరు. వాళ్లు అటు తిరిగి నిలబడితే, ముందే పొదలో దాచిన కుండ తీసి ఇస్తాను. భాను పనీ జరుగుతుంది, నా మాటా దక్కుతుంది.

కల్లు ఎవరిదంటావా? రమణది. నీ కళ్లు పెద్దవయ్యాయని నాకు తెలుసు. పన్నెండేళ్లుగా మాటల్లేని మనిషి గుమ్మంలోకి ఇవాళ నా కాళ్లతో నేనే వెళ్లాను. ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఇన్నాళ్లూ నీకు కూడా చెప్పలేదు. ఆనాడు గీతగాళ్ల సంఘం మీటింగులో, రమణ కల్లులో నీళ్లు కలుపుతున్నాడని పదిమందిలో అన్నాను చూడు, వాడు కలపలేదు. అప్పుడే నాకు తెలుసు. వాడి కల్లు నా కల్లు కన్నా ముందు అమ్ముడైపోతుందని కడుపు మండి అన్నాను. ఇవాళ వాడు నన్ను కూర్చోమనలేదు. ఎందుకు కావాలని అడగలేదు. "శనారం పొద్దున్న వొచ్చి పట్టుకెల్లు. పులవకుండా కుండకి సున్నం నానే రాత్తాను. నీళ్లు మాత్రం కలపను," అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను చచ్చి బతికాను.

ఈ కాగితం చదివి పొయ్యిలో పెట్టు.

నీ బావ,
ఎల్లాజీ

మార్చి 8

పాండు బావకి,

నిన్నటి సంగతి నీకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేను. పని జరిగింది. కానీ మనసు బాగోలేదు. ఎందుకో రాస్తే తెలుస్తుందేమో చూస్తాను.

దారి చూపించడానికి ముందు నువ్వే ఉండాలని భాను నన్ను కవిటిలో సైకిలెక్కించింది. నెత్తి మీద కుండలాంటి టోపీ పెట్టింది. ఏబయ్యేళ్లు తాటిచెట్టు మీద తిరిగినవాడికి సైకిలు మీంచి పడితే తలకి దెబ్బ తగులుతుందట! వెనకాల ఐదుగురు. వాళ్లలో పెద్దావిడ త్రిపురసుందరి గారని, బడిలో పెద్ద పంతులమ్మగా చేసి దిగిపోయారట. మిగతావాళ్లు కుర్రకారు, ప్రతి కొబ్బరిచెట్టుకీ ఆగి ఫొటో తీసేవాళ్లు. కొబ్బరిచెట్టుకి ఫొటో ఏమిటి బావా? ఒక చెట్టుకి తీస్తే మన ఉద్దానం అంతటికీ సరిపోదా?

ఆ సైకిలు నాకు నచ్చలేదు. తొక్కితే బరువు తెలియాలి. దీనికి కాలు ఆనిస్తే చాలు, ఎవరో వెనక నుంచి తోసినట్టు పోతుంది. కొబ్బరి తోటల నీడలో రోడ్డంతా చల్లగా ఉంది. జీడితోటల దగ్గర పూత వాసన కమ్మేసింది. పనసకాయలు చెట్టు మొదట్లోనే పిల్లల్లా కూర్చున్నాయి. బీల గట్టు ఎక్కేసరికి ఆ నీళ్లు, ఆ కొంగలు, అవతల సముద్రం మోత. రోజూ చూసేవే. కానీ నేను వాటిని ఎప్పుడూ నడుస్తూనో, పైనుంచి వంగో చూశాను. ఇలా మెత్తగా పక్కనుంచి జారిపోతూ చూడలేదు. కవిటి నుంచి అంత దూరం వచ్చినా మోకాలు ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు. దానికే నాకు ఒళ్లు మండింది. నా కాలు చెయ్యలేని పని ఒక డబ్బా చేసింది.

చెట్ల దగ్గర అందరూ దిగారు. నేను తాడు నడుముకి బిగించి, కత్తి దోపుకుని గట్టిగా చెప్పాను. "గీతగాడు ఎక్కేటప్పుడు పరాయి కళ్లు పడితే గెల ఎండిపోద్ది. అందరూ బీల వైపు తిరగండి. నాను దిగి సెప్పేదాకా ఎవులూ తలెత్తి సూడకూడదు."

భాను నోరు తెరిచింది. ఈ ఆచారం దానికి కొత్త. "నాన్నా, ఇదేటి..." అంది. "తిరుగు!" అన్నాను. తిరిగింది. అందరూ గట్టు వంపు దగ్గర, చెట్టు పక్కకి వచ్చేలా వరసగా నిలబడి, తలలు వంచి నీళ్ల వైపు ముఖం పెట్టారు. గాలి కూడా లేదు. బడిపిల్లల కన్నా బుద్ధిగా నిలబడ్డారు.

నేను చెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నాను. ఎక్కడానికి పట్టేంతసేపు ఎక్కడికీ వెళ్లకుండా కూర్చోవడం చెట్టెక్కడం కన్నా కష్టం బావా. మధ్యమధ్యలో ఉస్సు ఉస్సుమని ఆయాసపడ్డాను. ఎండుమట్ట ఒకటి తీసి చెట్టు బోదెకి రాశాను, చప్పుడు కోసం. మోకాలు పిసుక్కున్నాను. ఇంకా టైము మిగిలితే చుట్ట ముట్టించి రెండు దమ్ములు లాగి ఆర్పేశాను. తరవాత పొదలోంచి రమణ కుండ తీసి, "దిగినాను, తిరగండి," అన్నాను.

తిరిగారు. చప్పట్లు కొట్టారు. తాటాకు దొప్పల్లో పోస్తే తాగి, తేనెలా ఉందన్నారు. అది నిజమే, వాడి కల్లు ఎప్పుడూ అలాగే ఉంటుంది. త్రిపురసుందరి గారు మాత్రం దొప్ప పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"చాలా ఎత్తు కదండీ. దిగేటప్పుడు కాళ్లు వణకవా?"

"అలవాటేనమ్మా."

"ఎంత అలవాటైనా, పైన చుట్ట కాల్చుకునేంత తీరిక కూడా దొరికిందంటే గొప్పే. వాసన ఇక్కడి దాకా వచ్చింది," అని నవ్వారు. వెక్కిరింపు కాదు. మర్యాదగానే నవ్వారు. నాకెందుకో చెమట పట్టింది.

సముద్రం దాకా వెళ్లి సాయంత్రానికి వెనక్కొచ్చాం. అందరూ భానుకి దండాలు పెట్టి వెళ్లారు. భాను సంతోషంగా ఉంది. నాతో మాత్రం రెండు ముక్కలు కూడా మాట్లాడలేదు. అలిసిపోయి ఉంటుంది.

నీ బావ,
ఎల్లాజీ

మార్చి 15

పాండు బావకి,

నీ ఉత్తరం అందింది. ఆచారం పేరు చెప్పి తప్పించుకున్నందుకు నన్ను మెచ్చుకున్నావు. ఆ మెప్పు వెనక్కి తీసుకో.

మంగళవారం సూర్యప్రకాష్ ఫోను చేశాడు. భాను స్పీకరు పెట్టింది.

"తాతగారూ, సూపర్! ఆ ఫొటో మా గ్రూపులో అందరూ చూశారు. ప్రతి వారం అలాగే చెయ్యండి. అసలు ఎక్కొద్దు. అలా కూర్చోండి చాలు, జనం నవ్వి నవ్వి చస్తారు!"

ఏ ఫొటో అన్నాను. భాను ఫోను లాక్కోబోయింది, నేను ఇవ్వలేదు. తెరిచి చూశాను. బీల నీళ్లకి తీసిన ఫొటో బావా. గాలి లేని నీళ్లు అద్దంలా ఉన్నాయి. అందులో గట్టు వంపు మీది నా తాటిచెట్టు తలకిందులుగా ఉంది. దాని మొదట్లో ఒక ముసలాడు తలకిందులుగా గొంతుక్కూర్చుని, ఒక చేత్తో చుట్ట, ఒక చేత్తో మోకాలు పట్టుకుని ఉన్నాడు. పొదలో కుండ కూడా కనబడుతోంది.

డెబ్బై ఏళ్లు ఆ గట్టు మీద బతికినవాడిని. పొద్దున్న పూట ఆ నీళ్లలో కొంగ కాలి వేళ్లు కూడా లెక్కపెట్టొచ్చని నాకు తెలీదా? తెలుసు. తెలిసీ నేనే నా నోటితో వాళ్లని అటు తిప్పాను.

"నువ్వు సూసినావా?" అని భానుని అడిగాను.

"అందరం సూసినాం."

"మరి సెప్పనేదేటే?"

"నువ్వు కాలు సంగతి సెప్పినావేటి?"

అది మెల్లగా చెప్పింది. "ఆ కుర్రోళ్లు నవ్వబోతే పంతులమ్మగారు ఊరుకోమన్నారు. ఆయన మన కోసమే కూర్చున్నారు, నవ్వకండి అన్నారు. అందరూ సప్పట్లు అందుకే కొట్టినారు." తరవాత ఏజెంటుకి ఫోను చేసి, నా ముందే చెప్పింది. "మా నాన్నని నవ్వులపాలు సేసి నాను సైకిళ్లు నడపను. శనారం జట్టుని రానివ్వండి, ఆ తరవాత వొద్దు." ఫోను పెట్టేసి, ఫ్యాక్టరీకి కట్టుకెళ్లే పాత చీర ఉతికి ఆరేసింది. ఆ చీర తాడు మీద ఆడుతుంటే నేను దాని కింద కూర్చోలేకపోయాను.

లేచి రమణ ఇంటికి వెళ్లాను. శనివారం నా చెట్టు నువ్వు ఎక్కాలి, జనం చూస్తుండగా ఎక్కాలి అన్నాను. వాడు కత్తి నూరుతున్నాడు, తలెత్తలేదు.

"ఎక్కుతాను. మరి ఆ నీళ్ల మాట?"

"తప్పు. ఇప్పుడే సెప్తన్నాను గదా."

"ఇక్కడ నా పెళ్లాం ఉంది, మేక ఉంది. అన్నది పదిమందిలో. తీసుకునేది కూడా పదిమందిలో."

బావా, నిన్న ఆరుగురు వచ్చారు. భానుతో ఎనిమిదిమందిమి. రమణతో తొమ్మిది. గట్టు మీద గేదెలు కాసే మనిషి ఒకడు నిలబడ్డాడు, వాడితో పది. రమణ లెక్క తప్పే మనిషి కాదు, వాణ్ని చూశాకే చెట్టుకి చెయ్యి వేశాడు. సగం దాకా ఎక్కి, అక్కడే తాడుకి ఆనుకుని ఆగిపోయాడు. నా కోసం ఆగాడని నాకు అర్థమైంది.

అందరూ పైకే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. "ఈ సెట్టు నాది. నా మోకాలు పోయింది, నానింక ఎక్కలేను. పరాయి కళ్ల మాట నాను అల్లిందే, అలాటి ఆచారం మాకు నేదు. ఆ ఎక్కినోడు రమణ. ఆడు కల్లులో నీళ్లు కలుపుతన్నాడని పన్నెండేళ్ల కిందట నాను అన్నాను. అది కూడా అబద్దమే. మీరు మొన్న తాగిందీ, ఇయ్యాల తాగేదీ ఆడి కల్లే." ఈ జట్టు మొన్న రాలేదని తరవాత గుర్తొచ్చింది. ఏం పోయింది, చెప్పాల్సింది చెప్పాను. భాను నా వైపు చూడలేదు. దాని చెయ్యి మాత్రం నా భుజం మీద పడింది. గరుకుగా ఉంది.

ఏజెంటు సంగతి కూడా రాయాలి కదా. ఆ కామెడీ లేకపోతే నేను పంపలేనన్నాడు. పంపకపోతే మానెయ్యమంది భాను. కానీ త్రిపురసుందరి గారు నిన్న సాయంత్రం భానుకే సూటిగా ఫోను చేశారు. ఆవిడతో పనిచేసిన పంతులమ్మలు రెండు శనివారాలకి రెండు జట్లుగా వస్తారట. ఆ పైన ఏమవుతుందో నాకు తెలీదు. చీర మాత్రం మడత పెట్టి పెట్టెలో పెట్టింది. పారెయ్యలేదు. తెలివైన పిల్ల.

రమణతో నాకు స్నేహం కుదిరిందనుకోకు. వాడు పైకి చేరాక ఊరంతా వినేలా తిట్టాడు. "ఏటిరా ఇది! మట్టలు కొట్టనేదు, గెలలకి కత్తి తగల్నేదు. సెట్టుని ఇలాగేనా వొదిలేత్తారు?"

"ఎక్కలేనని సెప్పినాను గదరా!"

"సెప్పినావు, విన్నాను. మరి ముందర ఏ గెల గియ్యమంతావు? నీ సెట్టు నాకేటి తెలుసు?"

"తూరుపు గెల. పల్సగా గియ్యి, కత్తి నొక్కకు. దానికి తొందర పడదు."

వాడు కత్తి పెట్టాడు. కింద నుంచి నాకు ఏమీ కనబడలేదు, చప్పుడు మాత్రం వినబడింది. సరిగ్గా గీశాడు.

నీ బావ,
ఎల్లాజీ