మగ్గం ఆపడానికి

వదినగారికి,

ఫోనులో చెబితే మీ తమ్ముడు వింటారని రాస్తున్నాను. అన్నయ్యగారు రిటైరయ్యాక మన ఊరు వచ్చేస్తామన్నారు, ఇక్కడైతే ప్రశాంతంగా ఉంటుందన్నారు. ప్రశాంతంగానే ఉందండి.

మీ చిన్నప్పుడు వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా మగ్గాలన్నీ ఆపేసేవారు. చప్పుడు ఆగగానే "ఎవరు పోయేరండీ" అంటూ వెనక వీధి వాళ్లు కూడా వచ్చేవారు. ఇప్పుడు ఊళ్లో నేసేవాళ్లు లేరు. కొందరు గల్ఫ్ వెళ్లారు, కొందరు రొయ్యల చెరువులకి కాపలా వెళ్లారు. చివరికి మిగిలిన మా మగ్గాన్ని కూడా వేసవిలో విప్పేశాం.

మొన్న ఎదురింటి అచ్చాయమ్మగారు తెల్లారేసరికే పోయారు. ఒక్కరే ఉండేవారు కదా, దీపాలు పెట్టేవేళ దాకా మాకు తెలియలేదు. ఆ రోజంతా నేను ఆవిడ గుమ్మానికి ఎదురుగానే కూర్చుని చింతపండు గింజలు తీశాను. సంగతి తెలియగానే మీ తమ్ముడు అలవాటు కొద్దీ మగ్గం ఆపడానికని గబగబా లోపలికి వెళ్లి, ఖాళీ మగ్గం గుంట దగ్గర నిలబడిపోయారు.

రావద్దని అనడం లేదు. వచ్చేదాకా రోజూ పొద్దున్నే ఒకసారి ఫోన్ చెయ్యండి. మేము తీయకపోతే ఈ ఊళ్లో ఎవరికి చేసి కనుక్కోవాలో కూడా రాద్దామనుకున్నాను. ఒక్క పేరూ తోచడం లేదు.

మీ మరదలు