ఇదే బండి, ఎక్కండి

నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, బుడ్డదీ కులాసాగా ఉన్నాం. అత్తయ్య కర్ర పట్టుకుని వంటింటి దాకా నడిచిందని మీరు రాసింది చదివి, అక్కడ మీరిద్దరూ కూడా బాగున్నారని ధైర్యం వచ్చింది. తుంటి ఎముక విరిగిన మనిషి మూడు నెలలకే నడిచిందంటే మీ చాకిరీ ఎంతుందో నాకు తెలుసు. ఈ వయసులోనూ తమ్ముణ్ణి ఆవిడ ఇంకా "ఒరేయ్" అని పిలుస్తోందా?

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటాడు మీ అల్లుడు. మిల్లులో ముప్పై ఏళ్ళు మగ్గాల మోత మధ్య గడిపిన చెవులు మీవి. నేను ఫోన్లో అరిస్తే పక్కింటి వాళ్ళకి వినిపిస్తుంది గానీ మీకు వినిపించదు. పైగా ఈసారి నేను చెప్పాల్సింది అరిచి చెప్పే మాట కాదు.

ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి పైకప్పు కారడం ఆగింది. మీ అల్లుడే నిచ్చెన వేసుకుని ఎక్కి తారు పూశాడు, పైకప్పుకి సగం, చొక్కాకి సగం. బుడ్డదాన్ని బడి నుంచి పై వాటా కుట్టుమిషను టీచరమ్మ తీసుకొస్తోంది. ఇద్దరూ నేనొచ్చేదాకా పేకముక్కలాడుతున్నారు, అది తొండి చేయడం నేర్చుకుంది. ఇక మూడో ప్రశ్న. "అయిదున్నరకే ఇల్లు వదిలే మనిషివి, రైలు ఆలస్యమైనంత మాత్రాన రోజూ పనికి ఆలస్యమెలా అవుతుంది? హెడ్ సిస్టరుతో ఏమైనా తగాదా పడ్డావా?" అని అడిగారు. నా తగాదా హెడ్ సిస్టరుతో కాదు నాన్నా, రైలుతో. కిందటిసారి ముక్తసరిగా రాశాను, ఇప్పుడు మొదటినుంచి రాస్తాను.

మీరు అత్తయ్య దగ్గరికి వెళ్ళిన నెలకే టైమ్‌టేబుల్ మార్చారు. అప్పటినుంచి ఆరూ పది లోకల్ ఒక్కనాడంటే ఒక్కనాడు ఆరూ పదికి రాలేదు. బండి ఆలస్యమైతే అయింది, ఇనుప వస్తువు, ఎక్కడో ఏదో విరుగుతుంది, అర్థం చేసుకుంటాం. నా ఒళ్ళు మండేది దానికి కాదు. ప్లాట్‌ఫారం మీద ఎర్రక్షరాల బోర్డు ఉంది చూశారా, ఆరున్నర దాటినా అందులో "ఆరూ పది, సమయానికి" అనే ఉంటుంది. ఆరూ నలభైకి ఆ వరస మాయమైపోతుంది. బండి వచ్చి వెళ్ళిపోయిందన్నట్టు దాని కిందది పైకొస్తుంది. మేం రెండొందల మందిమి అక్కడే నిలబడి ఉంటాం, రాని బండి మా కళ్ళముందే వెళ్ళిపోతుంది. ఫోన్లో చూస్తే ఇంకో టైము. మైకులో రికార్డు చేసిన గొంతేమో, బండి వచ్చి తలుపులు తెరుచుకున్నాక, ఈ బండి ఆలస్యంగా నడుస్తున్నది, అసౌకర్యానికి చింతిస్తున్నాము అంటుంది. ఆ చింతించే మనిషి ఎక్కడుంటుందో తెలిస్తే వెళ్ళి మాట్లాడాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి వెళ్తే అక్కడొక గుమస్తా. మెడకి మఫ్లరు చుట్టుకుని ఎప్పుడూ జలుబుతో ఉంటాడు. "బండి ఎక్కడుందండీ?" అని అడిగితే మా వెనకున్న బోర్డు వైపు చూసి చదువుతాడు. "అది మేమూ చదివాం, మీకేం తెలుసో చెప్పండి" అన్నాను ఒకరోజు. "నాకూ అదేనమ్మా తెలిసింది. పైవాళ్ళు మాకేమీ చెప్పరు" అన్నాడు. మరి అద్దాల గదిలో ఆ మనిషి ఎందుకు, ఆ కిటికీ ఎందుకు?

నేను ఆలస్యమైతే పోయేది నా హాజరు ఒక్కటే అయితే ఇంత రాయను. మీరు మా డయాలసిస్ గది చూశారుగా. ఆరు కుర్చీలు, ఆరు మిషన్లు. ఏడున్నరకి మొదటి బ్యాచి కూర్చోవాలంటే ఏడింటికల్లా నేను నీళ్ళు పరీక్ష చేసి, గొట్టాలు కడిగి, మిషన్లు సిద్ధం చేయాలి. నేను అరగంట ఆలస్యమైతే మొదటి బ్యాచి ఆలస్యం, ఆ వెనక రెండోది, చివరికి సాయంత్రం బ్యాచి వాళ్ళకి నాలుగు గంటలు నడవాల్సిన మిషను మూడున్నర గంటలకే ఆపాల్సి వస్తుంది. సాయంత్రం వచ్చే డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఒకరోజు, కోపం లేకుండానే, "నా అరగంట రక్తం మీ రైలు తాగేసిందమ్మా" అన్నాడు. ఆయన కాళ్ళు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. హెడ్ సిస్టరు నాకు రెండు మెమోలిచ్చింది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడ స్థానంలో నేనున్నా ఇచ్చేదాన్నే.

అయిదింటి బండికి పోవచ్చుగా అని మీరు రాశారు. పది రోజులు పోయాను. అయిదింటిది అయిదూ యాభైకి వచ్చి, దారిలో సిగ్నల్ దగ్గర ఇంకో అరగంట ఆగింది.

మాతో పాటు రోజూ ఎక్కే లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడని కిందటి ఉత్తరంలో రాశాను కదా. ఆయనా నేనూ కలిసి సంతకాలు సేకరించాం. రెండొందల పన్నెండు వచ్చాయి. అయిదుగురం డివిజన్ ఆఫీసుకి వెళ్ళాం. గంటన్నర బయట బెంచీ మీద కూర్చోబెట్టారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. అక్కడా అదే అలవాటన్నమాట. లోపల ఆఫీసరు ఒక కాగితం తీసి, "మా బళ్ళు నూటికి తొంభై నాలుగు సమయానికే నడుస్తున్నాయి" అన్నాడు. ఎలాగా అంటే, చివరి స్టేషనుకి చేరిన టైమే లెక్కట. చివరి రెండు స్టేషన్ల మధ్య ముప్పావుగంట అదనంగా పెట్టుకున్నారు, దారిలో ఎంత ఆలస్యమైనా అక్కడ సర్దుకుంటుంది. లెక్కల మాస్టారు నెమ్మదిగా, "చివరి స్టేషన్లో దిగేవాళ్ళు ఎంతమందండీ? మేమంతా మధ్యలో బతికేవాళ్ళం" అన్నాడు. ఆఫీసరు కాగితం మడిచాడు.

అప్పుడు నేను లేచాను. కిందటి ఉత్తరంలో మీకు రాసిన పెద్దావిడ సంగతే చెప్పాను. "మీ బోర్డు చూపు సరిగా లేని ఒక ముసలావిడని తప్పు బండెక్కించింది. దిగాల్సిన స్టేషను దాటించి గంట దూరం ఈడ్చుకుపోయింది. ఆవిడ గతి ఏమైందో మీకు తెలుసా?" అని అడిగాను. ఆఫీసరు మా అర్జీ అందుకున్నాడు. బయటికొచ్చాక నలుగురూ నా భుజం తట్టారు.

మీరు కూడా తట్టారు నాన్నా. "ఎవరో తెలియని మనిషి కోసం నిలబడి అడిగావు, నా కూతురివనిపించావు" అని రాశారు. ఆ ఉత్తరం అత్తయ్యకి రెండుసార్లు చదివి వినిపించానన్నారు. ఆ వాక్యం చదివినప్పటినుంచి నాకు స్థిమితం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీకు నేను సగమే చెప్పాను. ఆఫీసరుకీ సగమే చెప్పాను.

ఆవిడని బండెక్కించింది బోర్డు కాదు. నేను.

ఆ పొద్దున్న ప్లాట్‌ఫారం మీద ఆవిడ గుడ్డసంచీ పట్టుకుని ఒక్కొక్కరి ముఖంలోకీ దగ్గరగా చూస్తూ వచ్చింది. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. నా దగ్గర ఆగి, కంటి ఆసుపత్రికి పోవాలమ్మా, ఎనిమిదింటికి ఆపరేషను, ఏ బండి అని అడిగింది. ఆవిడ దిగాల్సింది మా జంక్షన్ దాటాక రెండో చిన్న స్టేషను. అక్కడ లోకల్ ఒక్కటే ఆగుతుంది. స్టేషను వెనక సందులో పరుపుల దుకాణానికి గలీబులు కుడతాననీ, ఈ తేదీ కోసం ఎనిమిది నెలలు ఆగాననీ చెబుతూనే ఉంది. నేను సగం వింటున్నాను. మొదటి మెమో అందుకున్న మర్నాడది. ఇంతలో బండొచ్చింది. బోర్డులో లోకల్ అనే ఉంది. "ఇదే బండి, ఎక్కండి" అన్నాను. అనడమే కాదు, మోచెయ్యి పట్టుకుని ఎక్కించి, కిటికీ దగ్గర కూర్చోబెట్టాను.

అసలు సంగతి రాస్తున్నాను. బండి ప్లాట్‌ఫారంలోకి వస్తున్నప్పుడే అది పొడుగ్గా ఉన్నట్టు నాకనిపించింది. లోకల్‌కి తొమ్మిది పెట్టెలు, దాని వెనకొచ్చే, చిన్న స్టేషన్లలో ఆగని ఫాస్టు బండికి పన్నెండు. రోజూ ఎక్కేదాన్ని, నాకు తెలియదా? ఒక్క క్షణం ఆగి ఎవరినైనా అడగాల్సింది. కానీ ఫాస్టయినా మా జంక్షన్లో ఆగుతుంది, నా పని జరిగిపోతుంది. అందుకని ఆ అనుమానం అక్కడే వదిలేశాను.

జంక్షన్లో నేను దిగాక మైకు చెప్పింది, ఇది ఫాస్టు బండి అని. అప్పటికి బండి కదిలింది. నేను పరిగెత్తుతూ, దిగమని రెండు చేతులూ ఊపాను. కిటికీలో ఆవిడకి చేతులు ఊగడం మాత్రం కనిపించింది. నవ్వి, తిరిగి చెయ్యి ఊపింది.

ఆ తర్వాత నేను చేసిన గొడవంతా, సంతకాలూ, ఆఫీసూ, మీకు రాసిన ఉత్తరమూ, అన్నీ ఆ చెయ్యి కనబడకుండా చేసుకోవడానికేనేమో. ఆవిడ ఎక్కడుంటుందో నాకు తెలుసు. పందొమ్మిది రోజులు స్టేషను వెనక సందు వైపు పోకుండా చుట్టు తిరిగి ఇంటికొచ్చాను.

ఆ చుట్టు తిరుగుడు ఆపించింది ఎవరనుకున్నారు, ఎంక్వయిరీ గుమస్తా. ఆఫీసులో మాట్లాడి వచ్చిన మర్నాడు నేను కిటికీ ముందు నిలబడి అతన్ని నలుగురిలో కడిగేస్తున్నాను. "ఒక ముసలావిడ ఉసురు పోసుకున్నారు మీరంతా" అన్నాను. జనం వెళ్ళేదాకా ఆగి, ముక్కు తుడుచుకుని, మెల్లిగా అన్నాడు: "ఆవిడ్ని మీరేగా అమ్మా మోచెయ్యి పట్టుకుని ఎక్కించారు. ఇక్కణ్ణించి చూశాను. ఫాస్టు ముందొస్తోందని నాకప్పుడే ఫోనొచ్చింది. మైకులో చెప్పే అధికారం నాకు లేదు. కిటికీలోంచి అరిచాను, మీకు వినపడలేదు." మఫ్లరు సర్దుకుని, "మిమ్మల్ని అనడం లేదు. జనం అలా దిగాలుగా నిలబడి అడుగుతుంటే, తెలియదని చెప్పడానికి నాకూ నోరు రాదు. బోర్డు చదివేస్తాను" అన్నాడు.

ఆరోజు సాయంత్రమే సందులోకి వెళ్ళాను. పరుపుల దుకాణం వెనక గదిలో ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. సూదిలో దారం ఎక్కించడం కోసం పక్కావిడని పిలుస్తోంది. నేనెవరో చెప్పాను, జరిగింది జరిగినట్టు చెప్పాను, పొడుగు బండి సంగతి కూడా. ఆవిడ మిషను ఆపింది. ఆరోజు గంట దూరంలో దిగి, వెనక్కి బండి దొరక్క, ఆసుపత్రికి చేరేసరికి పన్నెండయిందట. మళ్ళీ తేదీ నాలుగు నెలల తర్వాత ఇచ్చారట.

"తెలియకపోతే తెలియదనాలి. ఇంకొకర్ని అడిగేదాన్నిగా" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది. నేను క్షమించమన్నాను. "ఆ మాట నాకెందుకు? తేదీ తెప్పించు. నువ్వే తీసుకెళ్ళు" అంది.

మా హెడ్ సిస్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ మూడో మెమో ఇవ్వకుండా, కంటి ఆసుపత్రిలో తనకు తెలిసిన నర్సుకి ఫోను చేసింది. ఎవరో రాలేకపోయిన తేదీ ఒకటి దొరికింది, కిందటి గురువారం. సెలవు పెట్టి, ఎనిమిదింటి ఆపరేషనుకి నాలుగూ నలభై బండికే బయల్దేరాం. అదీ ఆలస్యమే. నేను ఆ చివర గార్డుని, ఈ చివర డ్రైవరుని, ఇద్దరినీ అడిగాకే ఆవిడని ఎక్కించాను. డ్రైవరు విసుక్కున్నాడు. విసుక్కోనీ.

రైలు వాళ్ళు చేసింది కూడా రాయాలి. మా అర్జీకి ఫలితంగా స్టేషన్లో ఒక నల్లబల్ల పెట్టారు. గుమస్తా వెనక స్టేషనుకి ఫోను చేసి తెలిసింది సుద్దముక్కతో రాస్తాడు. తెలియనప్పుడు "తెలియదు" అని రాయాలని నేనే పట్టుబట్టాను. మొదటిరోజు ఆ మాట రాయడానికి అతని చెయ్యి ఆడలేదు. ఇప్పుడు రాస్తున్నాడు. బోర్డు మాత్రం ఇప్పటికీ సమయానికే అంటోంది, లోకల్ ఇప్పటికీ ఆరూ నలభై దాటాకే వస్తోంది. నా కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు నాన్నా. వచ్చే సోమవారం మళ్ళీ ఆఫీసుకి వెళ్తున్నాం. ఈసారి పెద్దావిడ కూడా వస్తానంటోంది. అక్కడ నా వంతు తప్పు కూడా నేనే చెప్తాను, ఆ తర్వాత వాళ్ళ వంతు అడుగుతాను.

అత్తయ్యకి ఈ ఉత్తరం కూడా చదివి వినిపించండి. రెండుసార్లు అక్కర్లేదు, ఒక్కసారి చాలు. నా గురించి మీరు రాసిన వాక్యం వెనక్కి తీసుకున్నా నేనేమీ అనుకోను.

ఆపరేషను బాగా జరిగింది. మర్నాడు కట్టు విప్పుతున్నప్పుడు పక్కనే ఉన్నాను. ఆవిడ రెప్పలార్పుతూ ముందు డాక్టరుని, తర్వాత గోడని, ఆ తర్వాత నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వింత చిన్నపిల్లవా? ఆరోజు ఆ గొంతు విని, అన్నీ తెలిసిన పెద్దమనిషివి అనుకున్నాను" అంది.

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరే
మీ పెద్దమ్మాయి