చిన్న దీవికి రెండు రోజులు చాలట

నేనడిగిన ఎనిమిది రోజుల సెలవుని మీరు రెండు రోజులు చేశారు మేనేజర్ గారూ. పైగా నా కాగితం మీదే ఎర్ర సిరాతో రాశారు: ‘దీవి చాలా చిన్నది. రెండు రోజులు చాలు.’

దీవి చిన్నదే, నేను కాదన్నానా? కానీ అది కరీబియన్ సముద్రం మధ్యలో ఉంది, మనం లిఫ్టులు బాగుచేసే షెడ్డు వెనకాల లేదు. మూడు విమానాలు ఎక్కి దిగితే పక్క దీవి వస్తుంది. అక్కణ్ణుంచి పడవ మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి. రానూపోనూ ఐదు రోజులు, ఉండేది మూడే. మీరిచ్చిన సెలవుకైతే రెండో విమానాశ్రయంలో బెంచీ మీద కాసేపు కూర్చుని, సరే చూసేశాం పద అనుకుని వెనక్కి రావాలి. ఈ దారి నాకెవరూ చెప్పలేదు, పాత అట్లాసు ముందేసుకుని నేనే కనుక్కున్నాను. మీరూ ఓసారి చూడండి, నా డ్రాయరులో ఉంది.

నా ఒక్కడి సరదా అయితే నోరు మూసుకునేవాణ్ణి. నన్ను పెంచిన మా పిన్ని ఇంతవరకూ సముద్రం చూడలేదు. ఈ ప్రయాణం కోసం యాభై రెండేళ్ల వయసులో ఈత నేర్చుకుంది. మొదటి వారం కొలను గట్టు వదల్లేదు. ఇప్పుడు అటు చివరిదాకా వెళ్లొచ్చి, “ఏరా, సముద్రం ఇంతకన్నా పెద్దదా?” అంటోంది. ఆవిడకి రెండు రోజులని ఎలా చెప్పను?

రెండు కొట్టేసి ఎనిమిది వెయ్యండి. బుధవారం టీ గంట కొట్టేలోగా ఆ కాగితం నా చేతికి రావాలి. రాకపోతే గురువారం పొద్దున్నే మా పిన్ని మీ గదికొస్తుంది. ఆవిడకి భయమంటూ ఉన్నది ఒక్క నీళ్లంటేనే. ఇప్పుడు అదీ పోయింది.