స్నేహితుడి ఇంజను

పూజ్యురాలైన వదినకు మరిది నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఉద్యోగ విరమణ చేసి ఎనిమిది నెలలైంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలీదు. "ఇంట్లో అలా కాలుగాలిన పిల్లిలా తిరక్కండి" అంటోంది మీ తోటికోడలు. అందుకని ఒక స్నేహితుడికి సాయం చేస్తున్నాను. అతని దగ్గర నలభై ఏళ్ళ నాటి కారుంది, స్టార్టవడం లేదు. ఇంజను విప్పి, కొత్తదానిలా చేసి, కాస్త బలం కూడా పెంచాలని అతని ఆశ. ఇంజన్ల షాపు నడిపే వదిన ఉండగా మనకేం భయమన్నాను. రెండు రోజులు వెతికినా అందులో నీళ్ళు పోసే చోటు కనబడలేదట. అదెక్కడుంటుంది?

మీ జవాబు కోసం గుమ్మంలోనే నిలబడి ఉన్న
మరిది

తా.క. త్వరగా రాయండి. ఇంజను మా భోజనాల బల్ల మీద ఉంది. అంటే, వాళ్ళ భోజనాల బల్ల మీద.

*

మరిదికి ఆశీస్సులు.

అది గాలితో చల్లబడే ఇంజను. నీళ్ళు పోసే చోటు ఉండదు, వెతికి ఎక్కడో ఒకచోట పోయకండి. స్టార్టవకపోతే ముందు ప్లగ్గుల్లో నిప్పు వస్తోందో లేదో చూస్తారు. తుమ్మొచ్చిందని ముక్కు కోసుకునేవాడి గురించి ఇప్పుడే వింటున్నాను. నేను చెప్పేదాకా ఒక్క నట్టు కూడా విప్పవద్దను. వీలైతే అతన్నే ఒకసారి షాపుకు పంపు, మాట్లాడతాను.

వదిన

తా.క. నీకు కారున్న స్నేహితుడు ఎప్పటినుంచి ఉన్నాడు?

*

వదినకు నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చేసరికి నట్లన్నీ విప్పేశాడు. మనిషికి నిలకడ తక్కువ. పిస్టన్లలో పిన్నులు రాకపోతే ఓవెన్లో పెట్టి వేడి చేశాడు. పిన్నులు సులువుగా వచ్చాయి. ఇల్లాలు మాత్రం ఓవెనును వీధిలో పెట్టేసింది. బలం కోసం పెద్ద పిస్టన్లు, వాటి సిలిండర్లు తెప్పించాడు. అవి ఇంజను పెట్టెలో దూరడం లేదు. ఆకురాయితో రెండు రోజులుగా పెట్టె రంధ్రాలు అరగదీస్తున్నాడు. గాలితో చల్లబడుతుందని మీరు రాశారు కదా, గాలికి అడ్డమని చుట్టూ ఉన్న రేకులన్నీ తీసి అటక మీద పడేశాడు. షాపుకు రాలేడు, పాపం, కాలు విరిగింది.

మీ విధేయుడైన
మరిది

తా.క. మీ తోటికోడలు అక్కగారింటికి వెళ్ళింది. ఓవెను కొంటే వస్తుందట.

*

మరిదికి ఆశీస్సులు.

ఆకురాయి కింద పెట్టు. పెట్టమను. పెట్టె రంధ్రాలు లేత్ షాపులో పెద్దవి చేయించాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంజను నిలవదు. ఆ రేకులు గాలికి అడ్డం కాదు, దారి. అవి లేకపోతే ఫ్యాను ఊదిన గాలి ఊరి మీద పోతుంది, ఇంజను మాడిపోతుంది. ఒక్క రేకు వదలకుండా బిగించాలి. విరిగిన కాలితో అటక ఎలా ఎక్కాడో అది కూడా రాయి.

మీ అన్న పోయాక ఆయన కారు మీ షెడ్డులోనే పెట్టించాను కదా. దాని జోలికి మాత్రం వెళ్ళకు.

వదిన

తా.క. ఈ ఉత్తరం మూడు సార్లు చదివించు. నీ స్నేహితుడు చదివేలోపే పని చేసే రకంలా ఉన్నాడు.

*

వదినా,

ఇక నా వల్ల కాదు. స్నేహితుడు లేడు, కాలూ విరగలేదు. అది అన్నయ్య కారే. బాగుచేసి, మీ షాపు ముందు ఆపి, తాళాలు మీ చేతిలో పెట్టాలనుకున్నాను. "జోలికి వెళ్ళకు" అని మీరు రాసిన రోజు ఆ కారు జోలి తప్ప ఇంకేమీ మిగల్లేదు మా ఇంట్లో. భయంతో మీరు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. లేత్ షాపు ఆయన నా ఆకురాయి పని చూసి తన కొడుకును కూడా పిలిచి చూపించాడు. రేకులన్నీ బిగించాను. ఇంజను కార్లోకి ఎక్కింది, తిరుగుతోంది, కానీ అంటుకోదు. ఏ ప్లగ్గులోనూ నిప్పు లేదు. అన్నయ్య వస్తువును పాడుచేశాను. తిట్టండి, కానీ వెంటనే తిట్టండి.

మరిది

తా.క. నాలుగు బోల్టులు మిగిలాయి. అవి మన కారువి కావనే అనుకుంటున్నాను.

*

మరిదికి ఆశీస్సులు.

మొదటి ఉత్తరంలోనే తెలిసింది. ఆపుదామనే కలం పట్టుకున్నాను. కానీ తప్పు పని కళ్ళబడితే సరిచేయకుండా ఉండలేని చెయ్యి నాది.

నువ్వేం పాడు చేయలేదు. అసలా ఇంజనుకు ఏ రోగమూ లేదు. చివరి ఏడాది మీ అన్నకు చూపు మసకబారింది, ఒప్పుకునేవారు కాదు. గేటును గుద్ది, గేటే ముందుకొచ్చిందన్నారు. అప్పుడు నేనే, ప్లగ్గులకు కరెంటు పంచే మూత తెరిచి, లోపలున్న బొటనవేలంత రోటరు తీసేశాను. రోజూ తాళం తిప్పేవారు. అంటుకోకపోతే అందులోనే కూర్చుని రేడియో వినేవారు. "ఊళ్ళో అన్ని బండ్లూ నీ మాట వింటాయి, మన బండి తప్ప" అన్నారొకసారి, నవ్వుతూ. తెలిసే అన్నారేమో. అడిగే ధైర్యం చేయలేదు. అందుకే దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదనుకున్నాను.

ఇప్పుడు అది కదిలితే చూడాలనుంది. ఆదివారం పదింటి బస్సుకు వస్తున్నాను. రోటరు నా దగ్గరే ఉంది.

వదిన

తా.క. మా షాపులో ఇంజన్లు బల్ల మీదే తిరుగుతాయి. బండిని రోడ్డు మీద తిప్పి చూసింది ఎప్పుడూ మీ అన్నే, నాకు స్టీరింగు పట్టుకోవడం రాదు. ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం గాని ఒక్క మాట అడగలేదు. నీకు నడపడం వచ్చా?