దొరసాని నాడాలు

మామయ్య పాదాలకు మేనకోడలు నమస్కరించి వ్రాయునది. ఇప్పుడు నా చదువే పాదాల గురించి కాబట్టి ఈ నమస్కారాన్ని మామూలుగా తీసుకోకండి.

నేను క్షేమంగా చేరాను. మీరూ క్షేమంగానే ఉంటారు, కోపంగా కూడా ఉంటారు. ఊళ్ళో గుర్రాలన్నింటికీ నాడాలు కొట్టే మనిషి మేనకోడలు, ఆయన కొలిమి దగ్గర తిత్తి ఊదుతూ పెరిగిన పిల్ల, నాడాలు లేకుండానే డెక్కలు బాగుచేసే చదువుకు వెళ్ళిందంటే మీ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోగలను. బస్సెక్కేటప్పుడు మీరు మొహం చూపించలేదు, కాబట్టి ఊహించుకోవడమే గతి.

బడి అంటే రేకుల షెడ్డు, గరుకు సిమెంటు గచ్చు, గోడకు వరుసగా వేలాడే ఆకురాళ్ళు. మా పంతులమ్మ మొదటిరోజే ఒక కుంటి గుర్రాన్ని నిలబెట్టి నాలుగు నాడాలూ పీకించింది. "డెక్క నేలను తాకితేనే కాలికి నెత్తురు సరిగ్గా ఆడుతుంది. ఇనుము కొట్టి కూర్చోబెడితే ఎలా బాగుపడుతుంది?" అంది. నేను మీ వైపు మాట్లాడదామనుకున్నాను. అప్పటికే నా చేతిలో పటకారు ఉంది.

మన ఊరి స్వారీ బడిలో ముసలి దొరసాని ఎలా ఉంది? నేను మొట్టమొదట ఎక్కిన గుర్రం, నన్ను మొట్టమొదట కిందపడేసిన గుర్రం కూడా అదే. ముందుకాళ్ళు ఇంకా ఈడుస్తోందా? రాయండి.

మీ మేనకోడలు

తా.క. మామయ్య ఏం చేస్తారని పంతులమ్మ అడిగింది. పాదరక్షల వ్యాపారం అన్నాను.

~

చిరంజీవి మేనకోడలిని పాదరక్షల వ్యాపారి ఆశీర్వదించి వ్రాయునది.

నాడాలు పీకడం నేర్చుకోవడానికి ఊరు దాటి వెళ్ళావా అమ్మాయీ? మేకు సరిగ్గా దిగకపోతే ఆ పని గుర్రమే చేసుకుంటుంది. దానికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాను గానీ, వాసాలు ఊడపీకడానికి ఫీజు కట్టేదాన్ని నిన్నే చూస్తున్నాను.

దొరసాని ఇప్పుడు మన పెరట్లోనే ఉంది. స్వారీ బడి యజమాని తెచ్చి కట్టేసి, "ఇది ఇక పనికిరాదు, ఉంచుకుంటావో పారేస్తావో నీ ఇష్టం" అని చెప్పి పోయాడు. అంత ఉదారంగా ఆయన ఎప్పుడూ ఏదీ ఇవ్వలేదు. కింద తోలు వేసి వెడల్పాటి నాడాలు కొట్టాను. నిలబడుతుంది, అడుగు మాత్రం వెయ్యదు. పశువుల డాక్టరు వచ్చి, ఎండాకాలం నాటికి ఇలాగే ఉంటే ఇంజెక్షన్ ఇచ్చి దాని బాధ తీర్చేద్దామన్నాడు. ఆయన బాధ తీరుస్తానని వీధి చూపించాను. కానీ రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టడం లేదు, నీకు చెప్పుకోకపోతే ఎవరికి చెప్పుకోను.

ఇట్లు
మామయ్య

తా.క. నీ ఉత్తరం మీ అత్తయ్య నాచేత రెండుసార్లు చదివించుకుని చెప్పులు విప్పేసి తిరుగుతోంది. నెత్తురు బాగా ఆడుతోందట. నా నెత్తురు తాగడం మాత్రం ఆపలేదు.

~

మామయ్యకు నమస్కారాలు. అత్తయ్యకు రెండు నమస్కారాలు.

చదువు ముదిరింది. బతికున్న గుర్రానికి కత్తి పెట్టేముందు చచ్చిన గుర్రాల కాళ్ళ మీద చెయ్యి తిప్పుకోవాలట. ముసలితనం వల్లో జబ్బు వల్లో పోయిన గుర్రాల కాళ్ళు మోకాలి దాకా కోసి వారం వారం లారీలో వస్తాయి. మేమంతా సంతలో వంకాయలు ఏరుకున్నట్టు మంచివి ఏరుకుంటాం. మొన్న నాకు అద్భుతమైన జత దొరికింది. సెలవురోజు సాధన చేద్దామని గదికి తెచ్చి, శుభ్రంగా గుడ్డ చుట్టి, ఇంటావిడ ఫ్రిజ్‌లో కూరల అరలో పెట్టాను.

ఆవిడ సొరకాయ అనుకుంది. ఆవిడ వేసిన కేకకు కింది అంతస్తు దర్జీ ఎవరిదో చొక్కా చేతిని తన చొక్కాకే కుట్టేసుకున్నాడు.

దొరసానిని అలా కదలకుండా నిలబెట్టి ఉంచకండి. నాకు ఒక ఆలోచన ఉంది, పంతులమ్మను అడిగి రాస్తాను.

మీ మేనకోడలు

తా.క. ఇంటావిడ ఇప్పుడు నన్ను "అండీ" అంటోంది. కాఫీ గుమ్మంలో పెట్టి తలుపు తట్టి పారిపోతోంది.

~

అమ్మాయీ,

ఆశీర్వాదాలు. నీకు కాదు, ఆ ఇంటావిడకు.

నేను ఒక్కటే అడుగుతాను. వారం వారం లారీ నిండేటన్ని గుర్రాలు, సరిగ్గా లారీ వచ్చే వేళకు, వాటంతటవే ఎలా పోతున్నాయి? మా కాలంలో గుర్రాలకు ఇంత క్రమశిక్షణ లేదు. మీది బడో కసాయి కొట్టో ఒకసారి బోర్డు చూసి రాయి. చదువు ముందుకు పోతున్నట్టుంది, గుర్రాలే ముందుకు పోవడం లేదు.

దొరసాని అలాగే ఉంది. నీ ఆలోచన ఏదో నీ దగ్గరే ఉంచుకో.

మామయ్య

తా.క. నీ ఉత్తరం విన్నప్పటి నుంచి మీ అత్తయ్య సొరకాయ తెమ్మనడం లేదు. నీ చదువువల్ల ఇంటికి జరిగిన మొదటి మేలు ఇది.

~

మామయ్యకు నమస్కరించి మహా సంతోషంగా వ్రాయునది.

చివరి పరీక్షకు ఎవరి గుర్రాన్ని వాళ్ళే తెచ్చుకోవాలి. నేను దొరసాని పేరు ఇచ్చేశాను. ఫొటోలో దాని కాళ్ళు చూసి పంతులమ్మ మురిసిపోయింది. ఇలాంటి కాళ్ళ కోసమే ఇన్నాళ్ళూ చూస్తున్నానంది. మిగతా విద్యార్థులంతా కుళ్ళుకుంటున్నారు.

మీరేమీ శ్రమపడనక్కర్లేదు. కాళ్ళు తెచ్చే లారీ మన ఊరి మీదుగానే వస్తుంది, డ్రైవరుకు ఇల్లు గుర్తులు చెప్పాను. రావడానికే లారీ, తిరుగు ప్రయాణానికి దానికి లారీతో పనుండదు. ఒక్కసారి మనసు గట్టి చేసుకుని ఎక్కించండి, అది ఇన్నాళ్ళూ పడ్డ బాధంతా ఇక్కడ తీరిపోతుంది.

మీ మేనకోడలు

తా.క. దానికి ఇంక కొత్త నాడాలు కొట్టకండి. వాటి అవసరం ఇక ఉండదు.

~

అమ్మాయీ,

దొరసాని కనబడడం లేదు. కట్టు తెంపుకుని పోయింది. అడుగు వెయ్యలేని గుర్రం ఎలా పోయిందని అడక్కు. దాని చోట ఉండి నీ ఉత్తరం చదివితే నేనూ పోయేవాణ్ణే.

మీ లారీ వచ్చింది. డ్రైవరు చాలా మంచివాడు, నా వైపు కూడా మోకాలి దాకా చూశాడు. ఖాళీగా పంపించాను.

మీ పంతులమ్మకు నా సానుభూతి.

మామయ్య

తా.క. ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. తెలిసినా తెలియదు.

~

మామయ్యకు,

చాలా నెలలు మీకు రాయలేదు. రాస్తే ఏడుస్తానని రాయలేదు.

డ్రైవరు ఖాళీ లారీతో వచ్చినరోజే అర్థమైంది, దొరసాని చచ్చిపోయిందని, నాకు చెప్పలేక మీరు పారిపోయిందని రాశారని. పంతులమ్మ వేరే గుర్రాన్ని ఇస్తానంది. నాకు చేతులు ఆడలేదు. ఆ విడత పరీక్షకు కూర్చోలేదు. వచ్చే విడతకూ గుర్రం లేకపోతే నా పేరు తీసేస్తారు. మీరు ఎగతాళి చేద్దామనుకుంటే ఇదే సమయం.

దాన్ని నేను ఏం చేద్దామనుకున్నానో ఇప్పుడైనా వినండి. ముందు నాడాలు పీకేసేదాన్ని. డెక్క అంచులు ఆకురాయితో గుండ్రంగా రాసేదాన్ని. నొప్పి తగ్గేదాకా కాళ్ళకు మెత్తటి రబ్బరు బూట్లు తొడిగి, తర్వాత విప్పేసి కంకర మీద తిప్పేదాన్ని. తీపి దాణా మాన్పించి ఎండుగడ్డి, అదీ తీపి పోయేలా నీళ్ళలో నానబెట్టి, పెట్టేదాన్ని. గడ్డి ఒక చివర, నీళ్ళు ఇంకో చివర ఉంచితే రోజంతా అదే నడుస్తుంది. కొత్త డెక్క కిందిదాకా పెరిగాక లారీ ఎందుకు, మన ఇంటి దాకా నేనే కళ్ళెం పట్టుకుని నడిపించుకొద్దామనుకున్నాను.

అత్తయ్యకు నా నమస్కారాలు.

మీ మేనకోడలు

తా.క. దాని నాడా ఒకటి ఉంటే పంపండి. గోడకు తగిలించుకుంటాను.

~

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు. ఈసారి నిజంగా నీకే.

నీ ఉత్తరం అందగానే గొడుగు పుచ్చుకుని మూతపడ్డ కంకర మిల్లు దగ్గరికి వెళ్ళి అక్కడి కాపలాదారు గొంతు పట్టుకున్నాను. ఇక్కడి సంగతులన్నీ నీకు వాడే చేరవేస్తున్నాడని నా అనుమానం. వాడు లబోదిబోమన్నాడు. వాడికి రాయడం రాదట. మరి నీకెలా తెలిసింది అమ్మాయీ?

నువ్వు దాని కాళ్ళు నరికి ఫ్రిజ్‌లో పెడతావని భయపడ్డాను. అందుకని మీ అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి దొరసానిని ఆ మిల్లుకు తప్పించాను. ఆవిడ నీ పార్టీ, మెలకువగా ఉంటే లారీ ఎక్కించేస్తుంది. గచ్చు మీద ఇనుము టకటకమంటే లేస్తుందని నాడాలు పీకేశాను. అయినా డెక్క చప్పుడవుతుందని పాత ట్యూబు ముక్కలు, గోనెపట్టా కలిపి కట్టాను. అంచులు వాడిగా ఉండి ట్యూబు చిరిగిపోతుంటే ఆకురాయితో గుండ్రంగా రాసేశాను. అప్పుడు అది మెల్లగా ఒక్కో అడుగూ వేసింది.

మిల్లులో కంకర తప్ప గడ్డిపోచ లేదు. దాణా కొంటే కొట్టువాడు గుర్రం ఏదని అడుగుతాడు, అందుకని ఎండుగడ్డితోనే సరి. ఆ దుమ్ముకు అది దగ్గితే వీధిలోకి వినబడుతుందని గడ్డిని తడిపేవాణ్ణి. కప్పు ఉన్న మూల గడ్డి పెట్టాను, కుళాయి ఏమో గేటు దగ్గర. కట్టిన ట్యూబులు కొన్నాళ్ళకు అరిగిపోయాయి, కొత్తవి కట్టడానికి నాకు బద్ధకమేసింది. నేను చేసింది ఇంతే. దీన్ని నువ్వు చదువంటున్నావు, నేను దొంగతనం అనుకున్నాను.

దొరసాని ఇప్పుడు పరుగెత్తుతోంది. పశువుల డాక్టరు చూసి, పెట్టె తెరవకుండానే వెళ్ళాడు. స్వారీ బడి యజమానికి ఉదారత తగ్గిపోయి, నాడాలు కొట్టి వెనక్కి పంపమన్నాడు. "దానికి నాడాలు అక్కర్లేదు, అది నా గుర్రం" అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు ఆయనకన్నా నేనే ఎక్కువ కంగారుపడ్డాను.

అయితే ముందు కుడికాలి డెక్క ఒక పక్కకు ఒరిగి పెరుగుతోంది. ఎంత రాసినా నాకు లొంగడం లేదు. దాన్ని సరిచేసే ఇనుము నా దగ్గర లేదు, నిన్నడుగుదామని ఉత్తరం మొదలుపెట్టి, దొరసాని బతికే ఉందని ఎలా చెప్పాలో తెలియక చింపేస్తూ వచ్చాను. నిన్ను ఏడిపించినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. నాడా పంపను, గుర్రాన్నే చూద్దువుగాని. పంతులమ్మను కూడా తీసుకురా, నీ పరీక్ష ఆ కాలి మీదే జరగనీ. నేను పక్కన నిలబడి కళ్ళెం పట్టుకుంటాను, నోరు మెదపను. ప్రయత్నిస్తాను.

ఇట్లు
నీ మామయ్య

తా.క. ఇదంతా మీ అత్తయ్యకు చదివి వినిపించాను. ఆ మధ్యాహ్నం ఆవిడ నిద్రపోలేదట. నాడాలు పీకడం నుంచి గోనెపట్టా కట్టడం దాకా పడుకునే కిటికీలోంచి చూసిందట. "మరి ఆపలేదేం?" అన్నాను. "మీ అంతట మీరు నాడాలు పీకడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. కదిలితే ఎక్కడ మానేస్తారోనని ఊపిరి బిగబట్టి పడుకున్నాను" అంది.