మగ్గం వాసన

బుధవారం, పడుకునే ముందు

దొడ్డబళ్ళాపురంలో చీరల డిజైన్లు కంప్యూటర్‌లో వేసే ఉద్యోగం కోసం మనవరాలు పావని ఇవాళ ఇంటర్వ్యూకి వెళ్ళింది. సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా నన్ను నిలదీసింది.

"కంప్యూటర్ బాగా వచ్చునంట, నేత తెలీదని పంపించేసినారు. ఇంట్లోనే మగ్గం ఉండె గదా తాతా, ఎందుకు నేర్పలేదు?"

"నాకెవరు నేర్పినారమ్మా? మా నాయన పక్కన కూర్చుని చూసి నేర్చుకుంటి" అని గొప్పగా మొదలుపెట్టి, పనిలో పనిగా నా చిన్నప్పటి కథలు రెండు చెప్పాను.

"నేను చూసేదానికి వస్తే, పోయి చదువుకో పో అని తరిమితివి గదా!"

నిజమే. మగ్గం వాసన అంటితే ఆఫీసు ఉద్యోగం రాదనుకున్నాను.

రేపటి నుంచి నేర్పుతానని మాటిచ్చాను. మగ్గం అమ్మేసి నాలుగేళ్ళయిందని ఇద్దరికీ తెలుసు. అయినా పావని, చిన్నపిల్లాడిని ఊరడించినట్టు, "సరే తాతా" అంది.